హైదరాబాదులో మొదటి ఇల్లు: ఊరు తెలియని మేము ఏ వైపు చూడాలి?

ప్రశ్న (విజయనగరం నుంచి వచ్చినవారు)

అందరికీ నమస్కారం. మేము విజయనగరం జిల్లా నుంచి ఉద్యోగరీత్యా ఈ మధ్యనే హైదరాబాదుకు వచ్చి, ప్రస్తుతం అమీర్‌పేటలో అద్దెకు ఉంటున్నాము. ఈ ఊళ్లో మాకు దగ్గరి బంధువులు గానీ, చనువుగా అడగదగిన పాత స్నేహితులు గానీ లేరు. మావారి ఆఫీసు రాయదుర్గంలో ఉంది. నేను సికింద్రాబాదులోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి షిఫ్టులు మారుతూ ఉంటాయి. వచ్చే జూన్‌లో బాబును బడిలో వేయాలి. అప్పటికి మా అత్తమామలు కూడా ఇక్కడికే వచ్చేస్తారు. మామగారికి గుండెకు స్టెంటు వేశారు, అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు.

70 లక్షలకు మించకుండా రెండు పడక గదుల ఫ్లాటు కొనాలని అనుకుంటున్నాము. మా ఇద్దరి పొదుపు కలిపి 20 లక్షలు ఉంది, మిగిలినది బ్యాంకు రుణం. ఇల్లు కొనడం మా రెండు కుటుంబాలలోనూ ఇదే మొదలు. ఊళ్లో ఉన్నవి తాతల నాటి ఇళ్లే.

బ్రోకర్లు మమ్మల్ని నాలుగు దిక్కులకూ తిప్పారు. ఒకరు తెల్లాపూర్, కొల్లూరు వైపు చూపి ఆఫీసులన్నీ ఇటే వస్తున్నాయని అన్నారు. మరొకరు బాచుపల్లి, నిజాంపేట మధ్యతరగతికి సరిపోతాయని అన్నారు. కొంపల్లి, అల్వాల్ ప్రశాంతంగా ఉంటాయని ఇంకొకరు, ఉప్పల్, నాగోలు వైపు ధర కలిసొస్తుందని వేరొకరు చెప్పారు. ఎవరు చూపిన చోటు గురించి వారు చెప్పేది విన్నప్పుడు అదే నిజమనిపిస్తోంది. ధర ఎంత పెరుగుతుందన్న ఆలోచన మాకు పెద్దగా లేదు. ఇంట్లో ఐదుగురమూ ఇరవై ఏళ్ల పాటు ఇబ్బంది లేకుండా బతకగలిగే చోటు కావాలి. తెలియని ఊళ్లో ఒక ప్రాంతం తమకు తగినదో కాదో ఎలా తేల్చుకోవాలి? మీరైతే మొదట ఏమి చూస్తారు? దయచేసి చెప్పగలరు.

సమాధానం (నాగోలు నివాసి)

నమస్కారం అండి. మీ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. రాయదుర్గం, సికింద్రాబాదు రెండూ ఒకే మెట్రో మార్గం మీద ఉన్నాయి. నాగోలు నుంచి రాయదుర్గం వెళ్లే నీలి మార్గం ఉప్పల్, హబ్సిగూడ, తార్నాక, మెట్టుగూడ, సికింద్రాబాదు ఈస్ట్, పరేడ్ గ్రౌండ్స్, బేగంపేట, అమీర్‌పేట మీదుగా పోతుంది. నాగోలులో ఎక్కితే మీవారు ఎక్కడా మారకుండా దాదాపు గంటలో ఆఫీసు చేరుకుంటారు. నేను రోజూ ఆ రైలులోనే వెళతాను. నాగోలు మొదటి స్టేషను కావడం వల్ల ఉదయం కూర్చోవడానికి చోటు దొరుకుతుంది, ఉప్పల్ దాటాక నిలబడవలసిందే.

అయితే మీ ఇద్దరిలో ఎవరి ప్రయాణానికి ఎక్కువ విలువ ఇవ్వాలో ముందు నిర్ణయించుకోండి. నా అభిప్రాయంలో మీ ప్రయాణానికే ఇవ్వాలి. మెట్రో ఉదయం 6 గంటలకు మొదలవుతుంది, రాత్రి 11 గంటలకు చివరి రైళ్లు బయలుదేరతాయి. మధ్యాహ్నం షిఫ్టు ముగించుకొని, తరవాతివారికి పని అప్పగించి బయటపడేసరికి ఆలస్యమైతే మీకు ఆటోనో క్యాబో దిక్కు. ఆ సమయంలో సికింద్రాబాదు నుంచి హబ్సిగూడకో, ఉప్పల్‌కో రావడం వేరు, కొల్లూరుకు వెళ్లడం వేరు. ఆ వైపున లింగంపల్లి నుంచి సికింద్రాబాదుకు ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లు ఉన్నాయి కానీ, ఒకటి తప్పితే మరొకటి వెంటనే దొరకదు. షిఫ్టు డ్యూటీ చేసేవారు వాటి మీదే ఆధారపడడం కష్టం.

ఇంకొక విషయం. "ఇక్కడికి మెట్రో వస్తోంది" అన్న మాట మీద ఒక్క రూపాయి కూడా అదనంగా పెట్టకండి. రాయదుర్గం నుంచి శంషాబాద్ విమానాశ్రయానికి 31 కిలోమీటర్ల మెట్రోకు 2022 డిసెంబరులో శంకుస్థాపన జరిగింది. ఏడాది తిరగకముందే ప్రభుత్వం మారింది, ఆ మార్గాన్ని పక్కన పెట్టి నాగోలు వైపు నుంచి వేయాలని ప్రతిపాదించారు. శంకుస్థాపనను నమ్మి ఆ దారి పొడవునా ఎక్కువ ధర పెట్టినవారి సంగతి ఆలోచించండి. మా వైపు కూడా అంతే: ఉప్పల్ నుంచి నారపల్లి వరకు ఎలివేటెడ్ కారిడార్ పనులు 2018లో మొదలై ఏళ్ల తరబడి సాగాయి, ఆ స్తంభాల మధ్య వరంగల్ రోడ్డు మీద జనం పడిన అవస్థ అంతా ఇంతా కాదు. అందువల్ల బోడుప్పల్, మేడిపల్లి వైపు చూసేటప్పుడు, ఈ రోజు ఆ రోడ్డు ఏ స్థితిలో ఉందో దాన్ని బట్టే లెక్క వేసుకోండి. నడుస్తున్న రైలుకూ, వేసిన రోడ్డుకూ మాత్రమే డబ్బు పెట్టాలని నేను గట్టిగా నమ్ముతాను.

మీరు విజయనగరం వెళ్లిరావడానికీ సికింద్రాబాదు, చర్లపల్లి స్టేషన్లు ఈ వైపునుంచి దగ్గర. పెద్దవాళ్లను రైలు ఎక్కించడం తేలికవుతుంది.

సమాధానం (విశ్రాంత నీటిపారుదల ఇంజినీరు)

అమ్మా, పై మిత్రుడు ప్రయాణం గురించి చక్కగా చెప్పారు. నేను నీళ్ల గురించి చెబుతాను. ఈ నగరంలో ఇల్లు కొనేవారు రెండు సంగతులు తెలుసుకోవాలి: ఆ ఇంటికి నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి, వాన పడితే ఆ వీధి నీళ్లు ఎటు పోతాయి.

హైదరాబాదు చుట్టూ ఉన్న చెరువులు విడివిడిగా తవ్వినవి కావు, గొలుసుకట్టు చెరువులు. పైచెరువు నిండితే దాని అలుగు (మిగులు నీరు పొర్లిపోయే చోటు) పారి, వాగు గుండా కిందిచెరువుకు చేరేది; అదీ నిండితే ఆ నీరు చివరకు మూసీకి చేరేది. కట్ట కింద ఆయకట్టు పొలాలు ఉండేవి. ఇప్పుడు ఆ పొలాలు కాలనీలయ్యాయి, అలుగు వాగులు సన్నబడి నాలాలయ్యాయి, కొన్నిచోట్ల పూర్తిగా కనుమరుగయ్యాయి. కానీ నేల వాలు మారలేదు. గట్టి వాన కురిసిన రోజు నీరు తన పాత దారినే వెతుక్కుంటుంది. 2016 సెప్టెంబరులో నిజాంపేటలోని భండారీ లేఔట్ నీట మునిగి, అపార్టుమెంట్లలో ఉన్నవారు కిందికి దిగలేని పరిస్థితి వచ్చింది. 2020 అక్టోబరు వానలకు బాలాపూర్ దగ్గర గుర్రం చెరువు కట్ట తెగి, కింద ఉన్న హఫీజ్‌బాబానగర్ మునిగింది. ఒకటి నగరానికి వాయవ్యాన ఉంది, మరొకటి దక్షిణాన ఉంది. కాబట్టి తూర్పు మంచిదా, పడమర మంచిదా అన్న ప్రశ్నకు అర్థం లేదు. ఒకే పేటలో పై వీధి పొడిగా ఉంటుంది, కింది వీధిలో పడవలు తిరుగుతాయి. మీరు ఎంచుకోవలసింది పేటను కాదు, వీధిని.

నిబంధనలు కూడా తెలిసి ఉండాలి. చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు ఎంత ఎత్తు వరకు నిలుస్తుందో ఆ హద్దును ఎఫ్‌టీఎల్ అంటారు. 2012 నాటి 168వ జీవో ప్రకారం, 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు ఖాళీగా వదలాలి. 10 మీటర్ల కంటే వెడల్పైన నాలాకు 9 మీటర్లు, సన్న నాలాకు 2 మీటర్లు వదలాలి. హెచ్‌ఎండీఏ (హైదరాబాదు మహానగర అభివృద్ధి సంస్థ) వారి చెరువుల వెబ్‌సైటులో గ్రామం పేరు పెట్టి వెతికితే చెరువు పటం, సర్వే నంబర్లు కనిపిస్తాయి. అది ప్రాథమిక నోటిఫికేషనా, తుది నోటిఫికేషనా అన్నది కూడా చూడండి. ప్రాథమిక దశలో ఉంటే హద్దు మారవచ్చు. 2024 జూలైలో, చెరువుల ఆక్రమణలను తొలగించే హైడ్రా సంస్థ ఏర్పడిన తరవాత ఈ హద్దుల విషయంలో ఎంత పట్టింపు వచ్చిందో మీరూ వార్తలలో చూసే ఉంటారు.

అయితే కాగితం మీద బఫర్ (ఇలా ఖాళీగా వదలవలసిన జాగా) బయట ఉన్నంత మాత్రాన ముంపు లేదని అనుకోకూడదు. కట్టకు కింది వైపు, అలుగు పారే దారిలో ఉన్న ఇల్లు ఎఫ్‌టీఎల్‌కు ఎంత దూరాన ఉన్నా మునగవచ్చు. దీనిని పటాలు చెప్పవు, మనుషులు చెబుతారు. ఆ వీధిలోని కిరాణా కొట్టు యజమానిని, ఇస్త్రీ బండి అతన్ని, పక్క అపార్టుమెంటు వాచ్‌మన్‌ను అడగండి. ఇల్లు అమ్ముకోవలసిన పని వారికి లేదు కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెబుతారు. "2020లో ఇక్కడ నీళ్లు ఎంతవరకు వచ్చాయి?" అని సంవత్సరం చెప్పి మరీ అడగండి, "నీళ్లు వస్తాయా?" అని అడిగితే రావనే అంటారు. ప్రహరీ గోడల మీద తేమ చారలు, ఇళ్ల ముందు కొత్తగా ఎత్తు పెంచిన గుమ్మాలు, సెల్లారులో నీరు తోడే మోటారు కనిపిస్తే కారణం అడగండి. గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల ఉపగ్రహ చిత్రాలు ఉన్నాయి. మీవారు కంప్యూటరు పనిలో ఉన్నారనుకుంటాను, ఒక సాయంత్రం కూర్చొని ఆ స్థలం పదిహేనేళ్ల కిందట ఎలా ఉండేదో చూడమనండి.

ఇక తాగునీరు. నగరానికి మంజీరా, సింగూరు, కృష్ణ, గోదావరి జలాలు వస్తాయి. గొట్టం ఆ వీధి దాకా ఉందా, ఉంటే ఆ భవనానికి జలమండలి (నగర నీటి సరఫరా సంస్థ) కనెక్షను తీసుకున్నారా అన్నది చూడాలి. కనెక్షను ఉంటే క్యాన్ నంబరు (వినియోగదారు ఖాతా సంఖ్య) ఉంటుంది. అది చూపమని అడగండి. గృహ కనెక్షన్లకు నెలకు 20 వేల లీటర్ల వరకు ఉచితంగా ఇచ్చే పథకం 2021 జనవరిలో మొదలైంది, ఆ భవనానికి అది వర్తిస్తోందా అన్నది కూడా బిల్లులో తెలుస్తుంది. శివారు అపార్టుమెంట్లు చాలావరకు బోరు మీద నడుస్తాయి, బోరు ఎండితే ట్యాంకరు వస్తుంది. అసోసియేషను వారిని ఏప్రిల్, మే నెలల మెయింటెనెన్సు లెక్కలు చూపమని అడగండి. ట్యాంకర్లకు ఎంత ఖర్చయిందో అందులో కనిపిస్తుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ వేసవిలో బకెట్లు మోయవలసి రాకూడదు కదా.

సమాధానం (సికింద్రాబాదు న్యాయవాది)

పెద్దలు చెప్పినదానికి కాగితాల సంగతి చేర్చుతాను. ప్రాంతాన్ని ఎంచుకోవడంలో ఇది కూడా భాగమే, ఎందుకంటే కొన్ని ప్రాంతాలలో భూమి చరిత్రే చిక్కుగా ఉంటుంది. బోడుప్పల్‌లో కొన్ని సర్వే నంబర్ల మీద వక్ఫ్ వివాదం ఉంది. శిఖం భూములు (చెరువు గర్భంలోనివి), అసైన్డు భూములు (ప్రభుత్వం పేదలకు ఇచ్చినవి) నగరం చుట్టూ ఉన్నాయి. ఫ్లాటు నచ్చిన వెంటనే సర్వే నంబరు తీసుకొని, రిజిస్ట్రేషను శాఖ వెబ్‌సైటులో అది నిషేధిత జాబితాలో ఉందేమో చూడండి. ఈసీ (ఆ ఆస్తి మీద నమోదైన లావాదేవీల పత్రం) తీయించి, లింకు డాక్యుమెంట్లను (పాత అమ్మకాల దస్తావేజులను) భూమి మూలం దాకా ఒక న్యాయవాదికి చూపించండి. బ్యాంకు రుణం ఇచ్చిందంటే అన్నీ సరిగా ఉన్నట్టేనని చాలామంది భావిస్తారు. బ్యాంకు న్యాయవాది చూసేది బ్యాంకు సొమ్ము భద్రత, మీకోసం చూసే మనిషి వేరుగా ఉండాలి.

కడుతున్న ఫ్లాటు అయితే రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నంబరు అడగండి. తెలంగాణలో అది P అక్షరంతో మొదలవుతుంది. ఇక కొత్తవారికి సాధారణంగా తెలియని సంగతి ఒకటి: అనుమతి ఇచ్చేటప్పుడు నిర్మాణంలో 10 శాతం భాగాన్ని బిల్డరు నుంచి మునిసిపల్ సంస్థ తనఖా పెట్టించుకుంటుంది, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (నివాస యోగ్యతా పత్రం) వచ్చాకే దానిని విడిపిస్తుంది. మీరు చూస్తున్న ఫ్లాటు ఆ 10 శాతంలో ఉందేమో తెలుసుకోకుండా అడ్వాన్సు ఇవ్వకండి. అనుమతి ఎన్ని అంతస్తులకు ఉంది, కట్టినవి ఎన్ని అన్నది కూడా ప్లానుతో సరిచూడండి. పై అంతస్తు తక్కువ ధరకు వస్తోందంటే ముందుగా అనుమానించవలసింది ఇదే.

మీ డబ్బు లెక్క కూడా ఒకసారి వేసుకుందాం. రుణం 30 లక్షలు దాటి 75 లక్షల లోపు ఉంటే బ్యాంకులు ధరలో 80 శాతానికి మించి ఇవ్వకూడదు, రిజిస్ట్రేషను ఖర్చు ఆ ధరలో కలవదు. 70 లక్షల ఫ్లాటుకు గరిష్ఠంగా 56 లక్షల రుణం వస్తుంది, 14 లక్షలు మీరు పెట్టాలి. రిజిస్ట్రేషను ఖర్చులు అన్నీ కలిపి 7.5 శాతం, అంటే 5 లక్షల 25 వేలు. ఇక్కడికే 19 లక్షల 25 వేలయింది. కడుతున్న ఫ్లాటు అయితే 5 శాతం జీఎస్టీ మరో 3 లక్షల 50 వేలు, మొత్తం 22 లక్షల 75 వేలు; మీ 20 లక్షలు చాలవు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చిన తరవాత అమ్మే ఫ్లాటుకూ, పాత ఫ్లాటుకూ జీఎస్టీ ఉండదు. ఒక్క రూపాయి మిగల్చకుండా ఇల్లు కొనడం కూడా మంచిది కాదు, ముఖ్యంగా ఇంట్లో గుండెజబ్బు ఉన్న పెద్దాయన ఉన్నప్పుడు. కాబట్టి మీరు 60 నుంచి 62 లక్షల మధ్య, నివాసానికి సిద్ధంగా ఉన్న ఫ్లాట్లనే చూడడం శ్రేయస్కరమని నా సలహా.

సమాధానం (మియాపూర్ గృహిణి)

మొదటి సమాధానం తూర్పు వైపే మొగ్గు చూపుతున్నట్టు అనిపించి రాస్తున్నాను. మియాపూర్‌ను కూడా పూర్తిగా కొట్టివేయకండి. ఇక్కడినుంచి ఎర్ర మార్గంలో అమీర్‌పేట వచ్చి, అక్కడ నీలి మార్గానికి మారితే ఒకరు రాయదుర్గం, మరొకరు సికింద్రాబాదు చేరవచ్చు. నిమ్స్ ఆసుపత్రి కూడా పంజాగుట్టలో ఇదే మార్గం మీద ఉంది. మీవారు ఉద్యోగం మారినా కొత్త ఆఫీసు మాదాపూర్, గచ్చిబౌలి చుట్టుపక్కలే ఉండే అవకాశం ఎక్కువ. అయితే మెట్రో స్టేషనుకు నడిచి వెళ్లగలిగేంత దగ్గరలో మీ ధరకు ఫ్లాటు దొరకడం కష్టమే. బాచుపల్లి దాకా వెళితే స్టేషను చేరడానికే ఆటోలో ఎంతసేపు కూర్చోవాలో ఉదయం 9 గంటలకు స్వయంగా వచ్చి చూడండి.

నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన సంగతి మీ అత్తమామల గురించి. మీరు ఇద్దరూ పనికి వెళ్లిపోతే, బాబు బడికి వెళ్లిపోతే, పగలంతా ఆ ఇంట్లో ఉండేది వారే. ఈ విషయం ఇల్లు చూసే రోజున ఎవరికీ గుర్తుకు రాదు. మా మామగారు ఊరు వదిలి వచ్చిన కొత్తలో, కబుర్లు చెప్పుకునే మనిషి లేక, రోడ్డు దాటే ధైర్యం లేక చాలా దిగులు పడ్డారు. గేటెడ్ సొసైటీలో అన్నీ ఉన్నా, బయట అడుగు పెడితే హైవే. ఆ తరవాత కాలనీలోకి మారాక, పొద్దున్నే పార్కులో తన ఈడు వారితో కూర్చోవడం, గుడికి నడిచి వెళ్లిరావడం, పాల ప్యాకెట్టు తానే తేవడం మొదలుపెట్టారు. మనిషి కోలుకున్నారు.

అందువల్ల పాత కాలనీలలో, పదేళ్ల లోపు వయసున్న చిన్న అపార్టుమెంట్లను చూడండి. లిఫ్టుకు జనరేటరు ఉందా, మందుల దుకాణం రోడ్డు దాటకుండా చేరుకునే దూరంలో ఉందా, రాత్రివేళ అంబులెన్సు లోపలిదాకా రాగలదా అన్నవి తప్పకుండా చూసుకోండి. అత్తమామలను ఒకసారి పిలిపించి, ఆ వీధిలో సాయంత్రం నడిపించండి. వారు అలసిపోకుండా, భయపడకుండా తిరిగి వస్తే ఆ చోటు మీకు సరిపోతుంది. వీలైతే అదే కాలనీలో ముందు అద్దెకు దిగి ఒక వానాకాలం గడిపి చూడండి. ధరలు ఆగవని బ్రోకర్లు తొందరపెడతారు. ఇరవై ఏళ్ల రుణం ముందు కొన్ని నెలల అద్దె పెద్ద భారం కాదు.

ప్రశ్న అడిగినవారు

మీ అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. మీ సమాధానాలను మావారూ నేనూ రెండుసార్లు చదువుకున్నాము. జీఎస్టీ లెక్క చూశాక, కడుతున్న ఫ్లాట్ల ఆలోచన మానుకున్నాము. నా షిఫ్టుల దృష్ట్యా తార్నాక నుంచి నాగోలు మధ్యలోనే వెతకాలని, ముందు ఆ వైపుకే అద్దెకు మారాలని నిర్ణయించాము. నిన్న ఉప్పల్ దగ్గర ఎనిమిదేళ్ల నాటి ఒక ఫ్లాటు చూశాము. 58 లక్షలు చెబుతున్నారు. జలమండలి కనెక్షను ఉంది, క్యాన్ నంబరు చూపారు. కాలనీలో పార్కు, గుడి ఉన్నాయి. అయితే దగ్గరలో ఒక చెరువు ఉంది. భవనం చెరువుకు 40 మీటర్ల దూరంలో ఉంది కాబట్టి 30 మీటర్ల నిబంధన వర్తించదని అమ్మేవారు అంటున్నారు. ఇంజినీరు గారూ, ఈ మాటను నమ్మవచ్చా?

సమాధానం (విశ్రాంత నీటిపారుదల ఇంజినీరు)

అమ్మా, 40 మీటర్లు ఎక్కడి నుంచి కొలిచారో ముందు అడగండి. ఇప్పుడు నీరు కనిపిస్తున్న అంచు నుంచి కొలిచి ఉంటే ఆ లెక్క చెల్లదు. చెరువు సగం ఖాళీగా ఉన్నప్పుడు నీటి అంచు ఎఫ్‌టీఎల్ నుంచి ఎంతో లోపలికి జరిగి ఉంటుంది. దూరాన్ని ఎఫ్‌టీఎల్ హద్దు నుంచే కొలవాలి. హెచ్‌ఎండీఏ పటం తీసుకొని, భవనం సర్వే నంబరు అందులో ఉందో లేదో చూడండి. ఆ సర్వే నంబరులో కొంత భాగమే ఎఫ్‌టీఎల్‌లో ఉన్నట్టు రాసి ఉంటే, మీ భవనం ఏ భాగంలో ఉందో తేల్చడానికి లైసెన్సు ఉన్న సర్వేయరును పెట్టుకోండి. ఆ ఖర్చుకు వెనకాడకండి.

తరవాత కట్ట ఎక్కి నిలబడి, అలుగు ఎక్కడ ఉందో, ఆ నీరు ఏ నాలాలోకి దిగుతుందో, ఆ నాలా మీ వీధికి ఎంత దగ్గరగా పోతుందో నడిచి చూడండి. నాలా మధ్యలో ఎక్కడైనా మూసుకుపోయి ఉంటే, లేదా సన్నని గొట్టంలోకి దిగి ఉంటే, దానికి ఎగువన ఉన్న ఇళ్లలో నీరు నిలుస్తుంది. మీ భవనం చెరువుకు పైవైపున, మెరక మీద ఉండి, పటంలో హద్దుకు బయట ఉంటే ధైర్యంగా మాట్లాడుకోండి. కట్టకు కిందివైపున ఉంటే 58 కాదు, 45 లక్షలకు ఇచ్చినా తీసుకోవద్దని నా మాట. పటం దొరికాక చెరువు పేరు, సర్వే నంబరు ఇక్కడ రాయండి, చూసి చెబుతాను. అడ్వాన్సు మాత్రం అప్పటిదాకా ఇవ్వకండి.